పైన రంగు, కింద తుప్పు: ఒక వీల్ ఆర్చ్‌కు రెండుసార్లు చేసిన రిపేరు

నేపథ్యం

కారు ఎనిమిదేళ్ల నాటి హ్యాచ్‌బ్యాక్, వెండి రంగు మెటాలిక్. యజమానికి పనిముట్లు పట్టుకోవడం కొత్త కాదు. ఇంటి తలుపులకూ గేట్లకూ రంగులు వేసిన చెయ్యే. కారు బాడీ మీద మాత్రం ఇదే మొదటిసారి. వెనక ఎడమ చక్రం పైన, క్వార్టర్ ప్యానెల్‌లో (వెనక తలుపు దాటాక ఉండే బాడీ రేకులో) అరచేయంత సొట్ట పడింది. దాని నడుమ వేలెడు పొడవున రేకు మడత పడింది. దానికి జానెడు కింద, వీల్ ఆర్చ్ (చక్రం చుట్టూ ఉండే రేకు వంపు) అంచు మీద మూడు నాలుగు పొక్కులు. పెసరగింజ కన్నా పెద్దవి కావు. యజమాని దృష్టంతా సొట్ట మీదే. పొక్కుల్ని పనిలో పనిగా గీకేస్తే సరిపోతుందనుకున్నారు. అసలు జబ్బు మాత్రం ఆ పొక్కుల్లోనే ఉంది.

మొదటి రిపేరు రెండు రోజుల్లో ముగిసింది. సొట్టను లోపలినుంచి తట్టకుండానే పుట్టీతో నింపారు. హార్డెనర్ (గట్టిపరిచే మందు) కంటి అంచనాతో కలిపారు, త్వరగా గట్టిపడాలని కాస్త ఎక్కువే వేశారు. దుమ్ము లేవకూడదని పుట్టీని నీళ్లతో రుద్దారు. సాయంత్రం స్ప్రే డబ్బా ప్రైమర్, దాని మీద మామూలు వెండి రంగు ఎనామెల్ స్ప్రే, మర్నాడు పొద్దున్నే ఆక్రిలిక్ లాకర్ క్లియర్ (రంగు మీద వేసే రంగులేని మెరుపు పూత). ఆ రోజు చూడటానికి బాగానే ఉంది. పది వారాల తర్వాత మళ్లీ చూడాల్సి వచ్చింది.

కనిపించిన లోపాలు

ఒకే చోట ఐదు రకాల లోపాలు ఉన్నాయి. ఒక్కో లోపానికి ఒక్కో మూలం ఉండటమే ఈ కేసును రాసిపెట్టుకోదగ్గదిగా చేసింది.

ఆర్చ్ అంచు మీద పొక్కులు పాత చోటే తిరిగి వచ్చాయి, ఈసారి ఇంకా పెద్దవిగా. పుట్టీ వేసిన మేర చుట్టూ, తడి గ్లాసు పెట్టి తీసిన మరకలా ఒక వలయం తేలింది. ఆ వలయం లోపల వెండి రంగులో పసుపు కలిసిన గోధుమ రంగు మచ్చలు. తలుపు వైపు అంచున క్లియర్ ముడతలు పడింది. సాయంత్రపు ఏటవాలు వెలుతురులో చూస్తే ప్యానెల్ మీద అలలు. వీటన్నిటికీ యజమాని చెప్పిన కారణం ఒక్కటే: "స్ప్రే డబ్బా నాసిరకం, మంచిది కొని పైపూత మళ్లీ వేస్తే పోతుంది."

ఆ మాటను పరీక్షించడానికి, సలహా చెప్పే మేం మూడు చిన్న పనులు చేశాం. మొదటిది అయస్కాంతం. ఫ్రిజ్‌కి అతికించే పలచని అయస్కాంతం ప్యానెల్ మీద జరుపుతూ పోతే, సొట్ట ఉన్నచోట పట్టు పూర్తిగా వదిలేసింది. అంటే పుట్టీ బాగా మందం. కంపెనీ రంగు మొత్తం కలిపి సుమారు 0.1 నుంచి 0.15 మి.మీ. మాత్రమే ఉంటుంది. ఆ పొర గుండా అయస్కాంతం పట్టు తప్పదు. రెండోది థిన్నర్ గుడ్డ. తడిపి అర నిమిషం అదిమి పెట్టి తీస్తే, కొత్త రంగు గుడ్డకు అంటుకుని వచ్చింది. పక్కనే ఉన్న కంపెనీ రంగుకు ఏమీ కాలేదు. కొత్త పూతలో హార్డెనర్ లేదని, దాని మీద ఏ ఘాటైన పూత వేసినా కింద మెత్తబడుతుందని తేలింది. మూడోది గోరు. పుట్టీ వలయం మీద గోరు గీస్తే అంచు తగిలింది.

దీంతో ముడతల సంగతి తేలిపోయింది. ఎనామెల్ డబ్బాల మీద మామూలుగా రాసి ఉండే మాటే: రెండో పూత గంటలోపు వేయండి, లేదా 48 గంటలు ఆగండి. ఈ మధ్యలో పై పొర ఆరినట్టుంటుంది కానీ కింది పొర పచ్చిగానే ఉంటుంది. లాకర్‌లోని ద్రావకం దిగి దాన్ని ఉబ్బిస్తుంది. రాత్రి ఎనామెల్, పొద్దున లాకర్ అంటే సరిగ్గా ఆ మధ్యలోనే పడ్డారు. గోధుమ మచ్చలు హార్డెనర్‌వి. పుట్టీ హార్డెనర్ పెరాక్సైడ్ పేస్ట్. కలవాల్సిన దానికన్నా ఎక్కువ వేస్తే మిగిలింది పైకి ఊరి రంగును మరక చేస్తుంది. త్వరగా గట్టిపడాలని ఎక్కువ వేయడం కొత్తవాళ్లు తరచుగా చేసే తప్పు.

నిర్ణయం: ఎంతవరకు తీయాలి

పైన గరుకు చేసి మళ్లీ రంగు వేయడం తేలికైన దారి. దాన్ని వద్దనుకోవడానికి కారణం థిన్నర్ గుడ్డే. మెత్తబడే పునాది మీద ఎన్ని పూతలు వేసినా ముడతలు తప్పవు, పొక్కులు ఎలాగూ పోవు. అందుకని రేకు దాకా తీసేద్దామని తేల్చాం. పెయింట్ రిమూవర్ వాడలేదు. ఆర్చ్ అంచున రెండు రేకులు కలిసే అతుకు ఉంటుంది. రిమూవర్ అందులోకి దిగితే కడిగినా పూర్తిగా రాదు, నెలల తర్వాత కొత్త రంగును లోపలినుంచి లేపుతుంది. 80 నంబర్ డిస్కుతో (ఎమరీ నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) ఆర్బిటల్ సాండర్ పెట్టి నెమ్మదిగా తీయించాం. ఎన్95 మాస్క్ తప్పనిసరి. పుట్టీ దుమ్ము సన్నగా ఉండి గంటలపాటు గాలిలోనే తిరుగుతుంది.

అంతకన్నా ముందు, ఇంకా ఎమరీ తగలకముందే, గ్రీజు తీసే ద్రావకంతో రెండు గుడ్డల పద్ధతిలో తుడిచారు. తడి గుడ్డ ఒక చేతిలో, పొడి గుడ్డ ఇంకో చేతిలో. తడిది ఆరేలోపే పొడిదానితో ఎత్తేయాలి, లేకపోతే గ్రీజు కరిగి అక్కడే మళ్లీ పరుచుకుంటుంది. టైర్ పాలిష్‌లోని సిలికాన్ చక్రం చుట్టుపక్కల ప్యానెల్ మీద ఎప్పుడూ ఉంటుంది. తుడవకుండా రుద్దితే అది గీతల్లోకి దిగి, తర్వాత రంగులో చేపకళ్లలాంటి గుంటలుగా బయటపడుతుంది.

పుట్టీ తీశాక కొలిస్తే లోతైన చోట 6 మి.మీ. ఉంది. దాని కింద రేకు మీద సన్నని నారింజ రంగు తుప్పు. పుట్టీ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లతో రుద్దిన పుట్టీ మీద అదే సాయంత్రం ప్రైమర్ పడేసరికి నీరు లోపలే ఉండిపోయింది. పుట్టీని పొడిగానే రుద్దాలనడానికి ఇంతకన్నా మంచి రుజువు దొరకదు.

సొట్ట

డిక్కీ పక్క లైనింగ్ విప్పితే సొట్ట వెనక్కి చెయ్యి పడుతుంది. అది తెలిశాక ఆరు మిల్లీమీటర్ల పుట్టీకి అర్థమే లేదు. బాడీ రేకు మందం 0.7, 0.8 మి.మీ. కొత్తవాళ్లు సాధారణంగా గుంట మధ్యలో సుత్తితో గట్టిగా కొడతారు. రేకు సాగిపోయి, వేలితో నొక్కితే లోపలికి, వదిలితే బయటికి టక్కుమని తిరిగే రకంగా తయారవుతుంది. అప్పుడు దాన్ని సరిచేయడం కొత్తవాళ్ల వల్ల కాదు.

అందుకని అంచుల నుంచి మధ్యకు వచ్చారు. సొట్ట పడినప్పుడు చుట్టూ గట్టులా లేచిన చోటు ఉంటుంది. లోపలినుంచి డాలీని (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మను) పల్లం కింద ఆనించి, బయట ఆ గట్టు మీద చిన్న దెబ్బలు వేస్తే, గట్టు దిగుతూ పల్లం లేస్తుంది. ఎక్కువ బలం అక్కర్లేదు, ఎక్కువ దెబ్బలు కావాలి. మధ్య మధ్యలో పలచని నూలు గ్లౌజు తొడుక్కుని అరచేత్తో నిమిరి చూడాలి. ఉత్త చేతికన్నా గ్లౌజు వేసిన చేతికే ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి. స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే ఒకటిన్నర మిల్లీమీటరు పల్లం మిగిలింది. అక్కడ ఆపమన్నాం. మిగిలింది పుట్టీ పని. ఇంకా కొడితే మెరుగయ్యే దానికన్నా చెడేదే ఎక్కువ.

తుప్పు: ఇక్కడే రెండోసారి కూడా తప్పటడుగు

పొక్కుల కింద వైర్ బ్రష్‌తో రుద్దితే రేకు గుంటలు గుంటలుగా తినేసి ఉంది, రెండు సూది బెజ్జాలు కనిపించాయి. యజమానికి వెల్డింగ్ మెషీన్ లేదు. బెజ్జాలు చిన్నవి కదా అని ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు కన్వర్టర్ రాసి, ఒక రోజు ఆగి, ఫైబర్‌గ్లాస్ కలిసిన పుట్టీతో మూయాలని మొదట అనుకున్నాం. తుప్పు నల్లబడింది, పుట్టీ పట్టింది. బయటినుంచి చూస్తే పని అయిపోయినట్టే.

మర్నాడు చక్రం తీసి, ప్లాస్టిక్ లైనర్ విప్పి లోపలివైపు చూడమన్నాం. ఈ పని మొదటి రోజే చేయించాల్సింది. చేయించకపోవడం మా పొరపాటు. అంచు మడత వెనక గుప్పెడు మట్టి గట్టిగా అట్టకట్టి ఉంది. గీకితే కింద తడి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే సూది బెజ్జం కాస్తా బొటనవేలి గోరంత అయింది. తుప్పు బయటినుంచి లోపలికి పోలేదు, లోపలినుంచి బయటికి వచ్చింది. బయట పూసిన కన్వర్టర్ అసలు తుప్పును తాకనేలేదు. కన్వర్టర్ పలచని పై తుప్పును మారుస్తుంది. పెచ్చులు కట్టినదాని కిందికి చేరదు, రేకుల అతుకులోకీ పోదు.

మూడు దారులున్నాయి. ఫైబర్‌గ్లాస్ అలాగే ఉంచితే ఒకటి రెండు వానాకాలాలు గడవచ్చు, ఆ తర్వాత మళ్లీ మొదటికే. ఆర్చ్ అంచు మొత్తం కొత్తది వేయించడం ఇంత చిన్న తుప్పుకు అతి. మూడోది, చెడిన ముక్క కోసి అతుకు వెల్డ్ చేయించడం. అదే ఎంచుకున్నాం. 12 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు కోతకు 0.8 మి.మీ. రేకు ముక్క. ఈ పని మాత్రం వర్క్‌షాప్‌కు పోయింది. వెల్డర్ ఏకధాటిగా గీత లాగకుండా, ఒక చుక్క ఇక్కడ, చల్లారాక ఇంకో చుక్క దూరంగా వేస్తూ పోయాడు. లేకపోతే వేడికి ప్యానెల్ అంతా వంకర తిరుగుతుంది. ఈ కారులో పెట్రోలు పోసే మూత ఇదే ప్యానెల్‌లో ఉంది. అందుకని ముందే లోపలి కార్పెట్, లైనింగ్ తీసేసి, పెట్రోలు గొట్టం వైపు అడ్డు పెట్టి, బ్యాటరీ నెగటివ్ విప్పి, అగ్నిమాపక డబ్బా పక్కనే ఉంచాకే మెషీన్ ఆన్ అయింది.

పునాది

కారు ఇంటికి వచ్చాక పనులు ఈ వరుసలో సాగాయి: శుభ్రం చేయడం, 80 తర్వాత 180 నంబర్‌తో గీతలు వేయడం, మళ్లీ శుభ్రం చేయడం, రెండు కోట్లు ఎపాక్సీ ప్రైమర్, ఒక రాత్రి ఆగడం, అతుకుల మీద సీమ్ సీలర్ (అతుకుల్లోకి నీరు పోకుండా మూసే పదార్థం). పుట్టీ ఎపాక్సీ మీద వేయించాం, రేకు మీద నేరుగా కాదు. రేకు మీద వేసినా పడుతుంది, చాలామంది అలాగే వేస్తారు. కానీ ఈ కారులో తేమ కథ తెలిశాక, పుట్టీకీ రేకుకూ మధ్య నీరు దాటని పొర ఉండటమే మంచిదనిపించింది. యజమాని దగ్గర ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో రేకును పట్టుకునే రకం) డబ్బా కూడా ఉంది, దాన్ని పక్కన పెట్టించాం. దానిలోని ఆమ్లం పుట్టీ గట్టిపడటాన్ని చెడగొడుతుంది.

పుట్టీని వంటింటి డిజిటల్ కాటా మీద తూచి కలిపారు: 50 గ్రాములకు 1 గ్రాము హార్డెనర్, అంటే నూటికి రెండు పాళ్లు. డబ్బా మీద వేరే లెక్క ఉంటే అదే పాటించాలి. అట్టముక్క మీద కలపకూడదు, అది రెజిన్‌ను పీల్చేస్తుంది. గాజు పలకో, ప్లాస్టిక్ పలకో కావాలి. గిలకొట్టకుండా అదిమి మడుస్తూ రంగు ఒకేలా అయ్యేదాకా కలపాలి. గిలకొడితే గాలి చొరబడి, రుద్దాక సూది బెజ్జాలుగా తేలుతుంది. చేతిలో ఉండే సమయం నాలుగైదు నిమిషాలు, ఎండ కాస్తుంటే ఇంకా తక్కువ. మొదటి పూత పలచగా, గీతల్లోకి దిగేలా గట్టిగా అదిమి వేయాలి. ఆకారం తెచ్చేది రెండో పూత.

రుద్దడానికి వేళ్లు వాడనివ్వలేదు. మొదటి రిపేరులోని అలలకు కారణం వేళ్లే. ఎమరీ పేపర్ వెనక వేళ్లుంటే మెత్తని చోట ఎక్కువ, గట్టి చోట తక్కువ తెగుతుంది. 30 సెం.మీ. బ్లాకుకు చుట్టి, ఏటవాలుగా ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. 80తో ఆకారం, తర్వాత 120, 180, 240. ప్రతి నంబర్‌కు ముందు నల్లటి గైడ్ పొడి అద్దారు. నలుపు మిగిలిన చోటు పల్లం, త్వరగా పోయిన చోటు మిట్ట. చెయ్యి, కన్ను మోసపోయే చోట కూడా ఈ నలుపు మోసపోదు.

మొదటిసారి వలయం తేలడానికి కారణం పాత రంగు అంచు. పుట్టీ నున్నటి పాత రంగు మీదికి ఎక్కింది, ఆ రంగు అంచు మెట్టులా నిలిచింది. ఈసారి అంచును సాగదీశారు. రుద్దుతుంటే క్లియర్, రంగు, ప్రైమర్, రేకు ఒక్కోటి ఒక్కో వలయంగా కనబడతాయి, చెట్టు మొద్దులో లాగ. ఒక్కో వలయం కనీసం సెంటీమీటరు వెడల్పు వచ్చేదాకా సాగించాలి. గోరుకు మెట్టు తగిలినంతసేపూ పని కాలేదన్నట్టే.

ఆపైన మళ్లీ ఒక కోటు ఎపాక్సీ, దాని మీద మూడు కోట్లు సర్ఫేసర్ (సన్నని గీతల్ని నింపే మందపు ప్రైమర్), కోటుకూ కోటుకూ 15 నిమిషాలు. సర్ఫేసర్ హార్డెనర్ లేని రకం కావడంతో మూడు రోజులు ఆగమన్నాం. రెండో రోజే ఒక మూల రుద్దేశారని తర్వాత తెలిసింది. 400తో బ్లాకు, 600, చివర 800 తడి వాటర్ పేపర్. తడిగా రుద్దుతున్నప్పుడు పుట్టీ బయటపడితే వెంటనే ఆపి, ఆరబెట్టి, ఆ చోట మళ్లీ ప్రైమర్ కొట్టాలి.

రంగు

రంగు కోడ్ డ్రైవర్ తలుపు స్తంభం మీది స్టిక్కర్‌లో దొరికింది. అయినా ఒకే కోడ్‌కు చిన్న తేడాలతో రకాలుంటాయి, పైగా ఎనిమిదేళ్ల ఎండ కూడా తన వంతు చేసి ఉంటుంది. కలిపించిన రంగును ముందు ఒక కార్డు మీద కొట్టి, క్లియర్ వేసి, ఆరాక కారు పక్కన పెట్టి పగటి వెలుగులో చూడాలి. తడి రంగును డబ్బాలో చూసి పోల్చడం దండగ.

మెటాలిక్‌లో రంగు డబ్బాలో సగమే, మిగతా సగం చేతిలో. తడిగా పడితే లోహపు రేణువులు అడుగుకు దిగి ముదురుగా, పొడిగా పడితే పైన పరుచుకుని లేతగా కనిపిస్తుంది. యజమాని మొదటి ప్రయత్నంలో డబ్బాను ప్యానెల్ లోపలే వెనక్కి తిప్పాడు. తిప్పిన ప్రతి చోటా రెట్టింపు పడి చారలు వచ్చాయి. క్లియర్ వేస్తే కలిసిపోతుందేమోనని అడిగాడు. కలవదు, క్లియర్ ఆ చారల్ని ఇంకా ఎత్తి చూపుతుంది. చారను రుద్ది దాని మీద నేరుగా క్లియర్ వేయడమూ కుదరదు. రుద్దిన చోట రేణువులు కోసుకుపోయి మచ్చగా ఉంటుంది, మళ్లీ రంగు వేయాల్సిందే.

ఒక పాత రేకు మీద సాధన చేయించాం. డబ్బాను రెండు నిమిషాలు ఊపి, 20 నుంచి 25 సెం.మీ. దూరంలో ప్యానెల్ బయట మొదలుపెట్టి, అవతల బయటికి పోయాకే వదలడం. ప్రతి వరస ముందుదాన్ని సగం కప్పడం. చివరి కోటు ఇంకాస్త దూరం నుంచి మంచులా రాల్చడం. రేకు మీద చక్కగా వచ్చింది. కారు మీద కూడా చారలు పోయాయి, కానీ తలుపు వైపు రంగు కలిసే చోట ముదురు అంచు ఒకటి తేలింది.

ఇక్కడ ఆపేద్దామన్నాం. కారణం ఆ అంచు ఒక్కటే కాదు. పెట్రోలు మూత ఈ ప్యానెల్‌లోనే ఉంది కనుక హార్డెనర్ లేని క్లియర్ పనికిరాదు, నాలుగు చుక్కల పెట్రోలు ఒలికితే మెత్తబడిపోతుంది. కావాల్సింది 2కే క్లియర్, అంటే హార్డెనర్ కలిపి వాడే రకం. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. అది ఉబ్బసం తెప్పించగలదు. ఒకసారి శరీరం దానికి ఎదురుతిరిగితే తర్వాత కొద్దిగా పీల్చినా ప్రమాదమే. బయటినుంచి గాలి అందించే మాస్కు యజమాని దగ్గర లేదు, గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంది. దుకాణంలో దొరుకుతుంది కదా అని ఇంట్లో కొట్టే వస్తువు కాదది. కారు పెయింట్ బూత్‌కు పోయింది. పెయింటర్ ఆ రంగును సన్నగా రుద్ది, మళ్లీ బేస్ (క్లియర్ కింద ఉండే రంగు పూత) కొట్టి, వెనక తలుపు సగం దాకా పలచబరిచి, క్లియర్‌ను మాత్రం రెండు ప్యానెళ్ల చివరి అంచుల దాకా వేశాడు. క్లియర్‌ను ప్యానెల్ మధ్యలో కలిపి వదిలేస్తే ఆ అంచు కొంతకాలానికి పెచ్చులూడుతుంది. మెటాలిక్ కాని రంగు, పెట్రోలు మూత లేని ప్యానెల్ అయివుంటే చివరిదాకా ఇంట్లోనే చేయమని చెప్పేవాళ్లం.

రెండు వారాల తర్వాత లైనర్ మళ్లీ విప్పి, ఆర్చ్ మడత వెనక క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా వేసే మైనం) పట్టించారు. వ్యాక్స్ రంగుకు ముందు వేస్తే దాని జిడ్డు ప్యానెల్‌కు పట్టి రంగు నిలవదు. అసలు వేయకపోతే వెల్డింగ్ వేడికి లోపలి పూత కాలిపోయిన చోటే తుప్పు మొదలవుతుంది.

తర్వాత

పద్నాలుగు నెలలకు, ఒక వానాకాలం గడిచాక, మళ్లీ చూశాం. ఆర్చ్ అంచు మీద పొక్కు లేదు. మడత వెనక వేలు పెట్టి చూస్తే వ్యాక్స్ అలాగే ఉంది, మట్టి మళ్లీ కొద్దిగా చేరింది, దాన్ని నీళ్ల గొట్టంతో కడిగించాం. పుట్టీ వలయం ఎక్కడుందో వెతికినా దొరకలేదు. ఒక మూల మాత్రం, ఏటవాలు వెలుతురులో, అగ్గిపుల్లంత పొడవున నాలుగైదు సన్నని గీతలు తేలాయి. రెండో రోజే రుద్దేసిన మూల అదే. సర్ఫేసర్ పూర్తిగా ఆరకముందే రుద్దితే ఆ తర్వాత అది ఇంకా కుంగుతుంది, పైపూతలు దానితోపాటే గీతల్లోకి దిగుతాయి. 2000 నంబర్‌తో క్లియర్‌ను రుద్ది పాలిష్ చేస్తే తగ్గవచ్చు, కానీ ఆ మేరకు క్లియర్ కూడా పలచబడుతుంది. యజమాని వద్దన్నారు.